మాస్‌బర్గ్ 500కి టర్కీ చోక్: 0.640 కొనాలా, 0.665 కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మిస్సౌరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో ఉంటున్నారు, సెకండ్ హ్యాండ్‌లో 12 గేజ్ (బ్యారెల్ లావు) మాస్‌బర్గ్ 500 షాట్‌గన్ తీసుకున్నారు, ఛాంబర్ (తూటా కూర్చునే అర) 3 అంగుళాలు. తుపాకీతో పాటు ఇంప్రూవ్డ్ సిలిండర్, మాడిఫైడ్, ఫుల్ అని మూడు చోక్‌లు (బ్యారెల్ మూతికి బిగించి, పెల్లెట్లు అనే చిన్న గుండ్లు ఎంత విచ్చుకోవాలో మార్చే గొట్టాలు) వచ్చాయి. ఏప్రిల్‌లో ఓజార్క్స్ కొండల్లో మొదటిసారి అడవి టర్కీ కోళ్ల వేటకు వెళ్తున్నారు. ఒక ఫ్రెండ్ 0.640 చోక్ కొనమన్నారు, ఇంకొకరు 0.665 అన్నారు, షాపులో ఆయన టంగ్‌స్టన్ షెల్స్ (ఆ లోహపు పెల్లెట్లున్న తూటాలు) లేకపోతే దండగ అన్నారు. ఏది కొనాలి, హెచ్-1బి మీద ఉన్నందుకు ఏమైనా ఇబ్బందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పుడే చోక్ ఏదీ కొనకండి. మీ దగ్గరున్న ఫుల్ చోక్ బిగించి, రాగి పూత ఉన్న 5 నంబర్ (పెల్లెట్ సైజు) సీసం టర్కీ షెల్స్ ఒక పెట్టె కొని, 40 గజాల దూరంలో కాగితం మీద కాల్చి చూడండి. 10 అంగుళాల వలయంలో 100 పెల్లెట్లు పడితే చోక్ ఖర్చు మీకు లేనట్టే. పడకపోతే 0.660 నుంచి 0.670 మధ్యలో ఒకటి కొనండి. మీరు చెప్పిన తుపాకీకి, మొదటి సీజన్‌కి 0.640 నేను కొననివ్వను.

ఎందుకో చెప్పాలంటే ఆ నంబర్ల సంగతి ముందు చూడాలి. చోక్ మీద రాసి ఉండే 0.665 అనేది దాని మూతి దగ్గర లోపలి వ్యాసం, అంగుళాల్లో. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. బ్యారెల్ లోపలి వ్యాసం నుంచి దాన్ని తీసేస్తే వచ్చేదే అసలు బిగింపు. 12 గేజ్‌కి పుస్తకాల్లో ఉండే వ్యాసం 0.729. అందులోంచి 0.665 తీసేస్తే 0.064 బిగింపు. సీసం షెల్స్‌కి ఇది మంచి చోటు. మామూలు ఫుల్ చోక్‌లో బిగింపు 0.035, 0.040 దగ్గర ఉంటుంది. మాడిఫైడ్‌లో 0.020, ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో 0.010.

కానీ అన్ని 12 గేజ్ బ్యారెళ్లూ 0.729 కావు. అదే మాస్‌బర్గ్ కంపెనీ 835 మోడల్ బ్యారెల్ 0.775 ఉంటుంది. దాని మీద 0.665 అంటే బిగింపు 0.110 అవుతుంది, అది మరీ ఎక్కువ. బ్రౌనింగ్ వాళ్ల కొత్త తుపాకులు చాలావాటిలో బ్యారెల్ 0.742 దాకా వెడల్పు. అందుకే "నాకు 0.640 బ్రహ్మాండంగా పనిచేసింది" అని ఎవరైనా చెప్తే మొదట అడగాల్సింది ఏ తుపాకీ, రెండోది ఏ షెల్. ఈ రెండూ చెప్పకుండా ఇచ్చే సలహా ఎంత మంచి మనసుతో ఇచ్చినా మీకు పనికిరాదు. ఇంకో తిరకాసు: "టర్కీ", "ఎక్స్‌ట్రా ఫుల్", "సూపర్ ఫుల్" లాంటి పేర్లకు కంపెనీలన్నిటికీ కలిపి ఒక కొలత లేదు. పేరు చూసి కొనకండి, అంకె చూసి కొనండి.

మరి బిగింపు ఎంత ఎక్కువైతే అంత మంచిది కదా అని మీకు అనిపించవచ్చు. కొంతవరకు నిజమే. షెల్ పేలగానే పెల్లెట్లన్నీ వాడ్ అనే ప్లాస్టిక్ కప్పులో ఒక స్తంభంలా బ్యారెల్ గుండా వస్తాయి. చివర్లో దారి సన్నబడటంతో ఆ స్తంభం కాస్త పొడవుగా సాగి, అంచుల్లో ఉన్న పెల్లెట్లు లోపలి వైపుకి తోయబడతాయి. దాంతో గుంపు ఆలస్యంగా విచ్చుకుంటుంది. అయితే సీసం మెత్తటి లోహం. హద్దు దాటి నొక్కితే పెల్లెట్లు ఒకదానికొకటి ఒరుసుకుని గుండ్రదనం పోతుంది. గుండ్రంగా లేనిది గాలిలో తిన్నగా పోదు, పక్కకి తిరుగుతుంది. అప్పుడు కాగితం మీద నడుమ బొద్దుగా, చుట్టూ చెల్లాచెదురుగా, మధ్యమధ్యలో ఖాళీలతో కనిపిస్తుంది. ఒక్కోసారి బిగింపు తగ్గిస్తే పెల్లెట్ల లెక్క పెరుగుతుంది కూడా. నేను సాయం చేసిన ఒక గుంటూరు కుర్రాడికి సరిగ్గా ఇదే జరిగింది. రెమింగ్టన్ 870కి 0.640 తెచ్చుకున్నాడు, 6 నంబర్ సీసంతో కాల్చితే వలయం కింది సగం దాదాపు ఖాళీ. అదే రోజు, అదే షెల్‌తో నా దగ్గరున్న 0.665 బిగించి కాల్పించాను. నూరు హాయిగా దాటింది, ముఖ్యంగా ఖాళీలు పూడిపోయాయి.

ముందు దూరం, తర్వాత షెల్, చివర్లో చోక్. నేను ఎప్పుడూ ఈ వరసలోనే వెళ్తాను. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు, ఎందుకంటే చోక్ చూడటానికి బాగుంటుంది, పెట్టెలో అందంగా వస్తుంది, కొన్నామన్న తృప్తి ఉంటుంది.

దూరం సంగతి. మిస్సౌరీలో ఉండేది ఈస్టర్న్ జాతి టర్కీ. చెట్ల మధ్య, పొదల మధ్య తిరుగుతుంది. వేటగాడు చేసే కూత పిలుపుకి వచ్చిన మగ టర్కీ చాలాసార్లు 30 గజాల లోపలికి వస్తుంది. 15 గజాల్లో పొద పక్క నుంచి ఒక్కసారిగా తల పైకి లేపడం కూడా మామూలే. ఆ దూరంలో బాగా బిగించిన చోక్‌తో పెల్లెట్ల గుంపు వెడల్పు మూడు నాలుగు అంగుళాలకు మించదు. తల కదుపుతూనే ఉండే పక్షి మీద, గుండె దడదడలాడుతున్నప్పుడు అంత చిన్న గుంపుతో గురి తప్పడం చాలా తేలిక. టర్కీలు తప్పిపోయేది దూరంలోనే అనుకుంటారు గానీ, నేను చూసినవాటిలో చాలామటుకు 20 గజాల లోపలే. మీ మొదటి సీజన్‌కి 0.640 వద్దని చెప్పడానికి సగం కారణం ఇదే. టెక్సస్‌లో, కాన్సస్ పడమట వైపు రియో గ్రాండే జాతి టర్కీల కోసం బయలు నేలలో కూర్చునేవాళ్ల లెక్క వేరు, వాళ్లకు 40 గజాలు తరచుగా ఎదురవుతాయి.

షెల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే షాపులో ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది, అవసరం మాత్రం లేదు.

మిస్సౌరీ వసంత సీజన్‌లో షాట్‌గన్‌తో అయితే 4 నంబర్ లేదా అంతకన్నా చిన్న పెల్లెట్లు మాత్రమే వాడాలి. నంబర్ పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నదవుతుందని గుర్తుపెట్టుకోండి. 17 నుంచి నంబర్ తీసేస్తే పెల్లెట్ వ్యాసం అంగుళంలో నూరో వంతుల్లో వస్తుంది. 5 నంబర్ అంటే 0.12 అంగుళం, దాదాపు 3 మిల్లీమీటర్లు. 9 నంబర్ అంటే 0.08, రెండు మిల్లీమీటర్లు. 3 అంగుళాల టర్కీ షెల్‌లో ఒకటి ముప్పావు ఔన్సుల సీసం పడుతుంది అనుకుంటే, 4 నంబర్‌లో సుమారు 235 పెల్లెట్లు, 5 నంబర్‌లో 300 దరిదాపు, 6 నంబర్‌లో 390 పైచిలుకు. 10 అంగుళాల్లో 100 పడాలన్న లెక్క పెట్టుకుంటే 4 నంబర్‌తో అది కష్టం, 6 నంబర్‌తో సులువు. కానీ 6 నంబర్ పెల్లెట్ తేలిక, 40 గజాలకు వెళ్లేసరికి దాని పదును తగ్గుతుంది. నేను 5 నంబర్ చెప్పడానికి కారణం ఇదే, లెక్కా సరిపోతుంది, లోతుకి దిగే శక్తీ ఉంటుంది. మీకు 30 గజాల లోపలే కాల్చే ఓపిక ఉంటే 6 నంబర్ కూడా నిక్షేపంగా పనికొస్తుంది.

టంగ్‌స్టన్, అంటే అందరూ టిఎస్ఎస్ అనేది, నిజంగానే గొప్ప సరుకు. ఘన సెంటీమీటర్‌కి 18 గ్రాముల సాంద్రత. సీసం 11 గ్రాములు, ఉక్కు 8 గ్రాముల లోపు. అంత బరువు కాబట్టి 9 నంబర్ లాంటి చిన్న పెల్లెట్ కూడా 5 నంబర్ సీసంలా లోపలికి దిగుతుంది. ఒకటి ముప్పావు ఔన్సుల్లో 600 పైగా పెల్లెట్లు పడతాయి. అది వచ్చాకే 20 గేజ్, చివరికి .410 లాంటి సన్నటి బ్యారెల్ తుపాకులు కూడా టర్కీకి పూర్తిగా సరిపోతున్నాయి. పిల్లలకీ, భుజం నొప్పి ఉన్నవాళ్లకీ అది వరం. ఒక్కో షెల్ పది డాలర్ల చుట్టుపక్కల, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మీ దగ్గర 12 గేజ్ ఉంది, ఓజార్క్స్ అడవిలో వేట, కొత్తవారు, కాబట్టి కాగితం మీద బోలెడన్ని కాల్చాలి. ఆ డబ్బుతో సీసం షెల్స్ కొని ఎక్కువ కాల్చడం మీకు ఎక్కువ మేలు చేస్తుంది. తర్వాతెప్పుడైనా టిఎస్ఎస్‌కి మారితే చోక్ మళ్లీ పరీక్షించాలి. టంగ్‌స్టన్ ఉక్కుకన్నా గట్టిది, నలగదు. ఆ ఒత్తిడంతా చోక్ మీదే పడుతుంది. చోక్ తయారుచేసినవాళ్లు టిఎస్ఎస్‌కి పనికొస్తుందని రాసి ఉంటేనే వాడండి.

ఫెడరల్ కంపెనీ షెల్స్‌లో ఫ్లైట్‌కంట్రోల్ అని ఒక రకం వాడ్ వస్తుంది. మామూలు వాడ్ ముందువైపు రేకులు విచ్చుకుని పెల్లెట్లను త్వరగా వదిలేస్తుంది. ఇది వెనకవైపు బ్రేక్ వేసుకుంటూ పెల్లెట్లను కొంతదూరం పట్టి ఉంచుతుంది. అంటే చోక్ చేయాల్సిన పని కొంత వాడే చేస్తుంది. ఆ షెల్‌కి మరీ బిగువైన చోక్ పెడితే ఫలితం పాడవుతుంది, మామూలు ఫుల్ చోక్‌తోనే ముచ్చటగా వస్తుంది. మీరు అలాంటి పెట్టె కొంటే కొత్త చోక్ మాట మర్చిపోవచ్చు. చిల్లులున్న చోక్‌లు ఈ వాడ్‌తో వద్దు. చిల్లులున్నవి చెవులకూ పక్కవాళ్లకూ శబ్దం పెంచుతాయి. భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుందని అమ్మేవాళ్లు చెప్తారు గానీ, నాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ 2019 జులై 1 నుంచి వేటలో సీసం పూర్తిగా నిషేధం. టంగ్‌స్టన్ కాకపోతే బిస్మత్ వాడతారు. బిస్మత్ పెళుసు, బాగా బిగించిన చోక్‌లో పెల్లెట్లు పగులుతాయి. దానికి ఫుల్ చోక్ దగ్గరే ఆగండి. ఉక్కు పెల్లెట్లు, స్లగ్ (ఒకే పెద్ద గుండు), బక్‌షాట్ (పెద్ద సైజు పెల్లెట్లు) మాత్రం టర్కీ చోక్‌లో ఎప్పుడూ వద్దు. చోక్ ఉబ్బొచ్చు, పగలొచ్చు, బ్యారెల్ కూడా పోవచ్చు. చాలా టర్కీ చోక్‌ల మీద ఉక్కు వాడొద్దని రాసే ఉంటుంది, ఆ రాతను తేలిగ్గా తీసుకోకండి.

ఇక కాగితం పరీక్ష. ఇందులో ఏ అడుగూ వదలకండి, చోక్ నిర్ణయం ఇక్కడే జరుగుతుంది.

మీరు వెళ్లే రేంజ్‌లో కాగితం మీద షాట్‌గన్ కాల్చనిస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, అన్నిచోట్లా ఒప్పుకోరు. కనీసం మూడడుగుల చదరం కాగితం కావాలి, ఇల్లు మారినప్పుడు మిగిలిన అట్టపెట్టెలు విప్పి వాడినా చాలు. మధ్యలో రూపాయి బిళ్లంత చుక్క పెట్టండి. మొదట 20 గజాల్లో, చవకైన తేలికపాటి షెల్‌తో, బల్ల మీద ఆనించి కాల్చండి. ఇక్కడ చూడాల్సింది పెల్లెట్ల లెక్క కాదు, గురి పెట్టినచోటే పడుతోందా లేదా అని. చాలా షాట్‌గన్‌లు గురి పెట్టినచోట కొట్టవు. 40 గజాల్లో ఆరంగుళాలు పక్కకి పడితే మీ గుంపులో సగం గాలికే పోయినట్టు. ఈ తేడాని కొత్త చోక్‌తో సరిచేయగలమని ఆశపడేవాళ్లు చాలామంది ఉన్నారు, అది చోక్ చేసే పని కాదు. సరిచేయడానికి జరుపుకునే సైట్ కావాలి. మీ 500కి బహుశా రిసీవర్ (తుపాకీ నడుమ భాగం) మీద స్క్రూ రంధ్రాలు ముందే ఉంటాయి, ఒక మామూలు రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైట్) బిగించుకోండి. బ్యారెల్ చివర గురి పూస ఒక్కటే ఉన్న తుపాకీతో కంగారులో బుగ్గ స్టాక్ మీద నుంచి లేచిపోతుంది, దెబ్బ పైకి పోతుంది. రెడ్ డాట్‌తో ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. మీ బడ్జెట్‌లో చోక్, రెడ్ డాట్ రెండిట్లో ఒకటే కొనగలిగితే రెడ్ డాటే కొనండి అంటాను.

అది కుదిరాక అసలు షెల్‌తో 40 గజాలకు వెళ్లండి. ఒక్క కాగితం చూసి తేల్చకండి. ఒక్కో షెల్, చోక్ జతకి మూడు కాగితాలు కాల్చి, మూడూ చూసి నిర్ణయించండి. పెల్లెట్లు దట్టంగా పడినచోటు చుట్టూ 10 అంగుళాల వలయం గీసి లెక్కపెట్టండి. 100 అనేది పాతకాలం నుంచి వేటగాళ్లు పెట్టుకున్న లెక్క. నేను దానికి ఇంకోటి కలుపుతాను: వలయంలో ఎక్కడా అరచేయి ఆనేంత ఖాళీ ఉండకూడదు. 95 పడి సమంగా పరుచుకున్న కాగితం, 130 పడి ఒక మూల బోసిగా ఉన్న కాగితంకన్నా మేలు. టర్కీలో మీకు తగలాల్సింది తల, మెడ ఎముకలు మాత్రమే. కాల్చేటప్పుడు గురి కూడా మెడ మీద, ఈకలు అయిపోయి ఎర్రటి తిత్తులు మొదలయ్యే చోట పెట్టాలి. ఒళ్లంతా దట్టమైన ఈకలు, వాటికింద మందపాటి ఛాతీ. అక్కడ తగిలితే పక్షి గాయంతో పారిపోయి ఎక్కడో చచ్చిపోతుంది. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. కాగితం మీద 40 గజాల్లో తేలకపోతే 35కి రండి, అక్కడా తేలకపోతే 30కి రండి. ఏ దూరంలో లెక్క సరిపోయిందో అదే మీ హద్దు. అడవిలో కూర్చోగానే ఆ దూరంలో ఉన్న చెట్టునో రాయినో గుర్తుపెట్టుకుని, అది దాటి లోపలికి వచ్చేదాకా ట్రిగ్గర్ ముట్టుకోకండి.

చివర్లో 15 గజాల్లో కూడా ఒకటి కాల్చి చూడండి. ఎంత చిన్న గుంపు పడుతుందో కళ్లారా చూస్తే దగ్గరికొచ్చిన టర్కీ మీద తొందరపడరు.

చోక్ కొనాల్సి వస్తే దాని మర (థ్రెడ్) చూసుకోండి. మాస్‌బర్గ్ 500, విన్‌చెస్టర్ విన్‌చోక్, బ్రౌనింగ్ పాత ఇన్వెక్టర్ మూడిటికీ ఒకే మర. 835, 935 మోడళ్లవి వేరు, ఇన్వెక్టర్ ప్లస్ వేరు. కార్ల్‌సన్స్, ట్రూలాక్, ఇండియన్ క్రీక్ లాంటి కంపెనీలు తుపాకీ మోడల్ పేరుతోనే అమ్ముతాయి కాబట్టి పొరపాటుకి అవకాశం తక్కువ. సెకండ్ హ్యాండ్ బ్యారెల్ కాబట్టి ఒకసారి గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవారికి) చూపించి లోపలి వ్యాసం కొలిపించుకుంటే ఇంకా నిశ్చింత. బిగించే ముందు మరలకి కొంచెం గ్రీజు రాయండి, కాల్చేటప్పుడు మధ్యమధ్యలో తుపాకీ ఖాళీ చేసి చోక్ వదులైందేమో చూడండి. చోక్ లేకుండా మాత్రం ఒక్క షెల్ కూడా కాల్చవద్దు, బ్యారెల్ మరలు పాడవుతాయి. నేల మీద కూర్చునే వేట ఇది. బ్యారెల్ మూతిలో మట్టి చేరిందేమో చూడటం అలవాటు చేసుకోండి. ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద ఎక్కడా కనిపించకూడదు, లోపలి టీషర్ట్, సాక్సులతో సహా. మగ టర్కీ తల రంగులు అవే, దూరం నుంచి ఇంకో వేటగాడు పొరబడవచ్చు.

వీసా విషయం. హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదో ఒక అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిబంధన వర్తించదు. ఇక్కడ ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, టర్కీ పర్మిట్ ఆ సీజన్‌కే చెల్లుతుంది, తుపాకీ మాత్రం ఏడాదంతా ఇంట్లో ఉంటుంది. మిస్సౌరీ వార్షిక వేట పర్మిట్లు ఫిబ్రవరి చివరితో ముగుస్తాయి. మీ దగ్గర ఏ పర్మిట్ ఉంది, దాని మీద తేదీ ఏంటి అనేది ఇవాళే తీసి చూడండి. గడువున్న పర్మిట్ లేకపోతే వెంటనే మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి సరిచేసుకోవాల్సిన పని ఇది, రేపటికి వాయిదా వేసేది కాదు. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు మిస్సౌరీలో హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. సీజన్ ఏప్రిల్ మూడో వారంలో మొదలవుతుంది కాబట్టి ఫిబ్రవరిలోనే ఆ కోర్సు పూర్తిచేస్తే, మార్చి నెలంతా కాగితం మీద కాల్చుకోవడానికి మిగులుతుంది.